లీనా రిచర్డ్ పాకవిద్య

వంటయింటి పనియనిన మనలో ననేకులకు చులకన. ఆ పనియే యొక స్త్రీకి విద్యయు, వృత్తియు, గౌరవమును సమకూర్చిన చరిత్ర లీనా రిచర్డుది.

ఈమె 1892లో అమెరికా దక్షిణభాగమందలి లూసియానా రాష్ట్రమున నల్లజాతి కుటుంబమున జన్మించి, చిన్నతనముననే న్యూ ఆర్లియన్సులో నొక ధనికుల యింట వంటకు గుదిరెను. యజమానురాలు ఆమె నేర్పు గుర్తించి బోస్టనులోని ఫానీ ఫార్మర్ పాకవిద్యాలయమునకు బంపగా, 1918లో చదువు ముగించెను. అక్కడ తాను క్రొత్తగా నేర్చినవి తీపివంటకములును, సలాడులును మాత్రమేయనియు, మాంసపు వంటలందును, పులుసులందును దక్షిణదేశపు వంటకత్తెలే మిన్నయనియు నామె నిస్సంకోచముగా జెప్పెను.

న్యూ ఆర్లియన్సునకు మరలివచ్చి విందులకు వంటలు సమకూర్చుచు, 1937లో తానే పాకవిద్యాలయము స్థాపించెను. తన జాతి యువజనులు పనితనము నేర్చి హెచ్చు జీతము నడుగగలుగుటయే యామె యాశయము. 1939లో మూడువందలకు పైగా వంటకములు గల గ్రంథమును స్వయముగా బ్రకటించెను. 1941లో నొక భోజనశాలను, 1949లో ‘గంబో హౌస్’ను నెలకొల్పెను. తెల్లవారికిని నల్లవారికిని వేరు పంక్తులు విధింపబడిన యా దినములలో నామె యిరువురికిని వడ్డించెను. టెలివిజనులోను వంట నేర్పుచు, 1950లో మరణించెను.

సోదరీమణులారా! పరుల యింట నలవడిన నేర్పు నామె వ్రాతలో బెట్టి తన పేర నిలుపుకొనెను. మన పెద్దలెరిగిన వంటలు వారితోనే పోకుండ మనమును వ్రాసియుంచవలదా?