అడుగని సందేశము, అందరి సమయము

జీతము లేక, పదవి లేక, పొగడ్తనైన ఆశింపక, ఒక సత్కార్యమునకై తమంత తాముగా ముందుకు వచ్చినవారు కూడి ఏర్పరచుకొన్న సంఘమునకు ధనముకంటెను భవనముకంటెను విలువైన మూలధన మొకటి కలదు. అది ఆ సంఘపు పిలుపు వినబడగానే సభ్యులు చెవియొగ్గు శ్రద్ధ. నల్లగొండలోగాని మహబూబ్‌నగరులోగాని నేడు రక్తదాతలు, పూర్వవిద్యార్థులు, ఊరి బడికై చెరువుకై పాటుపడు యువకులు తమ వ్యవహారమంతయు ఫోనులోని వాట్సాప్ గ్రూపులలోనే నడుపుకొనుచున్నారు. ఆ గ్రూపులలో పుట్టు కలహములలో పెక్కింటికి మూలము సిద్ధాంతభేదమును కాదు, లెక్కలలోని తేడాయును కాదు. ఎవ్వరును అడుగని సందేశము.

రక్తదాతల గ్రూపునే ఉదాహరణముగా గైకొందము. తెల్లవారగనే పూలగుత్తితో ఒక శుభోదయము. వెనువెంటనే పదిమందికి పంపినగాని మేలు కలుగదని బెదిరించు దేవుని పటము. సాగర్ రోడ్డులో ప్లాట్లు అమ్మకమునకు కలవను వెంచరు ప్రకటన. ఒక నాయకుని పుట్టినరోజు ఫ్లెక్సీ. వీని నడుమ, ప్రసవ సమయమున రక్తస్రావమైన తల్లికి ఓ నెగెటివ్ రక్తము తక్షణము కావలెనను పిలుపు. అది కంటబడునప్పటికే పైనున్న చప్పుడునకు విసిగిన సభ్యులు పలువురు గ్రూపును మ్యూటులో ఉంచియుందురు. అప్పుడొక యువకుడు, "అన్నా, గిది రక్తదానం గ్రూపు, గిసొంటియి గీడ పెట్టకుండ్రి" అని వ్రాయును. "ఒక్క మెసేజుకే ఏం మునిగింది తమ్మీ? నచ్చకుంటె చూడకు" అని పెద్దవాని జవాబు. ఇక ఇరుపక్షములవారును చేరుదురు. పాత పగలు పైకి తేలును. పొద్దుగూకునప్పటికి నలుగురు గ్రూపు విడిచిపోవుదురు. పోయినవారు తరచుగా జగడమాడినవారు కారు, నోరు మెదపక పనిచేయువారు.

"ఒక్క మెసేజే గదా" అను వాదము మొదటి చూపునకు న్యాయముగనే తోచును. కాని పంపువాడు తన వ్రేలికదలికను మాత్రమే లెక్కించుచున్నాడు. చదువువారి కాలమును లెక్కించుట లేదు. 256 మంది గల గ్రూపులో ఒక్కొక్కరు అరనిమిషము వెచ్చించినను రెండు గంటలకు పైబడిన మానవకాలము ఆ ఒక్క సందేశమునకు కరగిపోవును. పంపుటకు ఖర్చు లేకుండుటయు, ఆ భారమంతయు అందుకొనువారిపై పడుటయు, ఇదియే ఈ వ్యాధికి నిదానము. ఇది మనతో పుట్టినదియును కాదు. 1978 మే నెలలో అమెరికాలోని ఒక కంప్యూటరు సంస్థ ఉద్యోగి, నాటి ఆర్పానెట్ అను వలయములోని సుమారు 400 మందికి తమ క్రొత్త యంత్రములనుగూర్చిన ప్రకటనను వారు కోరకయే పంపగా, పరిశోధనకై ఏర్పడిన సాధనమును వ్యాపారమునకు వాడుట తగదని నిరసనలు చెలరేగినవి. నాడు వారికి కలిగిన ప్రశ్నయే నేడు మన జిల్లాల యువకులకును కలుగుచున్నది: పదిమంది ఒక పనికై అప్పగించిన శ్రద్ధను వేరొక పనికి వాడుకొను అధికారము ఎవరికి కలదు?

ఈ ప్రశ్నను మర్యాదకు సంబంధించిన చిన్నవిషయముగా త్రోసివేయువారు 2018 వేసవిని జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. పిల్లల నెత్తుకొనిపోవు ముఠాలు తిరుగుచున్నవను వదంతి ఆనాడు ఫోనునుండి ఫోనునకు ప్రాకినది. దేశమంతట వ్యాపించిన వీడియోలలో ఒకదానియందు మోటారు సైకిలుపై వచ్చిన యిద్దరు ఒక బాలుని ఎత్తుకొనిపోవుదురు. నిజమునకు అది కరాచీలో పిల్లల భద్రతపై ప్రబోధమునకై తీసిన చిత్రము. బాలుని తిరిగి అప్పగించు కడపటి భాగమును ఎవరో కత్తిరించిరి. ఆ యేడు జూలై 1వ తేదీన మహారాష్ట్రలోని ధూలే జిల్లాలో ఇట్టి అనుమానముతోనే జనసమూహము ఐదుగురిని కొట్టి చంపినది. ఆ సందేశములను పంపినవారిలో అత్యధికులు దుర్మార్గులు కారు. ఊరివారికి మేలు చేయుచున్నామనియే నమ్మినవారు. సదుద్దేశము సందేశమునకు ప్రమాణపత్రము కాజాలదనుట కింతకంటె నిదర్శనము వలదు.

ఈ విపత్తునకు ఎదురునిలిచిన ప్రయత్నములలో మిక్కిలి గణనీయమైనది పాలమూరు గడ్డపైననే జరిగినది. పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లానుండి ఏర్పడిన జోగులాంబ గద్వాల, వనపర్తి ప్రాంతములకు నాడు పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి, గ్రామమునకొక పోలీసు ఉద్యోగిని నియమించి, ఊరివారితో పరిచయము పెంచుకొనుడని ఆదేశించియుండెను. ఎండలు ముదిరినను జనులు ఆరుబయట పరుండుట మానిరని, చీకటిపడగనే తలుపులు బిగించుకొనుచున్నారని వారిలో ఒకరు కనిపెట్టి తెలుపగా, ఆరా తీయగా కారణము ఫోనులలోని వదంతియని తేలినది. అంతట ఆ ఉద్యోగులే ఇంటింటికిని పోయి నిజము చెప్పిరి. పోలీసు కళాబృందములు డప్పు కొట్టుచు పాటలలో వివరించినవి. గ్రామములలోని వాట్సాప్ గ్రూపులలో పోలీసులు సభ్యులుగా చేరి, అనుమానము కలిగిన సందేశమును తమకు చూపుడని కోరిరి. సుమారు 400 గ్రామములలో సాగిన ఈ కృషి ఫలముగా అచ్చట ఒక్క ప్రాణమైనను పోలేదు.

ఆ వదంతిని పంపిన వారిని మూర్ఖులని పదిమందిలో నిందించుటతో అక్కడి పని మొదలుకాలేదు. పరిచయమున్న మనిషి ఎదుట కూర్చుండి చెప్పుటతో మొదలైనది. మన గ్రూపుల కలహములలో కొరవడుచున్నది ఇదియే. అడుగని సందేశము పెట్టుట ఒక తప్పు; దానిని సవరించు నెపమున వయసునకు పెద్దవానిని అందరియెదుట అవమానించుట రెండవ తప్పు; సంఘమును చీల్చునది తరచుగా ఈ రెండవదియే.

మన ప్రజాజీవిత చరిత్రలోనే దీనికి సాక్ష్యము కలదు. 1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధినియందు ధోండో కేశవ కర్వే అధ్యక్షతను జరిగిన నిజాం రాష్ట్ర సంఘ సంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగున ప్రసంగింప మొదలిడగా, సభలోనివారు ఎగతాళి చేసి, అల్లరితో ఆయనను సాగనీయలేదు. ఆ అవమానమునకు నొచ్చుకొన్న తెలుగువారు వేరుగా గుమిగూడి ఆంధ్రజనసంఘమును స్థాపించుకొనిరి. అదియే పెరిగి పెద్దదై ఆంధ్రమహాసభకు దారితీసినది. ఆ మహాసభ 1931లో దేవరకొండలోను, 1936లో షాద్‌నగరులోను సమావేశమైనది. వేదికకు మర్యాద రెండు వైపుల నుండవలెనని ఈ కథ చెప్పుచున్నది: మాటలాడువాడు సభాసమయమును గౌరవింపవలెను, వినువారు మాటలాడువాని మనస్సును గౌరవింపవలెను. ఈ రెంటిలో ఏది లోపించినను, మనసు విరిగినవారు మరియొక నెలవు వెదకికొందురు.

ఇక యంత్రమువలనను చట్టమువలనను కలుగు సాయమెంత? 2018 జూలైలో వాట్సాప్ సంస్థ, ఒకరినుండి వచ్చి మరల పంపబడిన సందేశముపై ‘ఫార్వర్డెడ్’ అను గుర్తు నుంచి, మన దేశములో ఒకసారి ఐదు చోట్లకు మించి పంపకుండ హద్దు పెట్టినది. 2019 ఏప్రిలులో తమ్ము గ్రూపులలో ఎవరు చేర్పవచ్చునో నిర్ణయించుకొను వెసులుబాటు నిచ్చినది. 2020 ఏప్రిలులో పలుమారులు చేతులు మారిన సందేశమును ఒక్కసారి ఒక్క చోటికే పంపవీలగునట్లు చేసినది. సభ్యుడు పెట్టిన తప్పుడు రాతకు అడ్మిను, అందు తన పాలు లేనిచో, బాధ్యుడు కాడని 2021లో బొంబాయి హైకోర్టు నాగపూరు ధర్మాసనమును, 2022లో కేరళ హైకోర్టును తీర్పు చెప్పినవి. శిక్ష తప్పినంతమాత్రమున కర్తవ్యము తప్పదు. పాలమూరు, నల్లగొండ మెట్టభూములలో చెరువునీటిని వంతులవారీగా విడుచు నీరడి ఆ నీటికి యజమాని కాడు, అయినను ఏ మడికి ఎప్పుడు పారవలెనో చూచుట ఆతని విధి. అడ్మిను పనియు అట్టిదే.

కావున ప్రతి సంఘమును కలహము పుట్టకమునుపే, అందరి సమ్మతితో, నాలుగైదు వాక్యములలో నియమములు వ్రాసికొనుట మేలు. గ్రూపు ఏ పనికై ఏర్పడినదో మొదటి వాక్యముననే తెలుపవలెను. శుభాకాంక్షలకును పిచ్చాపాటికిని వేరొక గ్రూపు నుంచిన, మనసు నొవ్వదు, పనియు చెడదు. అమ్మకములు, రాజకీయములు, మతప్రచారము వలదని స్పష్టముగ చెప్పవలెను. తప్పు జరిగినచో మొదట ఆ సభ్యునకే ఫోనుచేసి, "పెద్దనాయినా, పొరపాటున పడ్డట్టున్నది, జెర తీసెయ్యుండ్రి" అని చెప్పుట చాలును. నూటికి తొంబదిమంది వెంటనే తీసివేయుదురు.

అవసరమైన సందేశమునకును ఒక మర్యాద కలదని మరువరాదు. ‘అర్జెంటు, రక్తము కావలెను, అందరికి పంపుడు’ అను పిలుపు తేదీ లేకుండ బయలుదేరినచో, రోగి కోలుకొని ఇల్లు చేరిన పిమ్మటను ఏండ్లతరబడి తిరుగుచునే యుండును. ఆ నంబరునకు ఫోనుచేసి నిరాశచెందిన దాత మరుసటి నిజమైన పిలుపును నమ్మడు. రక్తవర్గము, ఎన్ని యూనిట్లు, ఆసుపత్రి పేరు, ఊరు, తేదీ, గంట, రోగి తరఫువారి నంబరు, ఇవి యన్నియు ఒకే సందేశమున నుండవలెను. రక్తము దొరకినంతనే ‘దొరకినది’ అని తెలుపుటయు పంపినవాని విధియే. పురుషులు మూడు నెలలకొకసారి, స్త్రీలు నాలుగు నెలలకొకసారి మాత్రమే రక్తమీయదగును గనుక, నేడు నిష్ఫలముగ రప్పించిన దాత విసిగి మరలిపోయినచో, ఆతని బదులు మరియొకరిని సంపాదించుట సులభము కాదు.

స్వచ్ఛంద సేవకుని ఎవ్వరును కట్టివేయలేరు. ఆతడు తలచినప్పుడు వచ్చును, తలచినప్పుడు పోవును. ఆతనిని నిలుపునది సంఘము తనను వృథాగా పిలువదను నమ్మకమొక్కటియే. ఆ నమ్మకమును కాపాడుటకు చట్టముకంటెను యంత్రముకంటెను మిన్నయైన ఉపాయము ప్రతి సభ్యుని చేతిలోనే యున్నది: పంపుటకు ముందు, ఇది ఈ పదిమంది ఏ పనికై కూడిరో ఆ పనికి సంబంధించినదేనా యని ఒక్కమారు తన్ను తాను ప్రశ్నించుకొనుట, కాదని తోచినచో మానుట.