స్టేజి దిగినాక తీయాల్సిన ఫొటోలు

మన ఇండ్లల్ల గోడ మీద దండ వేసిన ఫొటోలను ఒకసారి పరీక్షగా చూడండి. చాలావరకు రెండే రకాలు. ఒకటి ఆధార్ కార్డు నుంచి తీసి పెద్దది చేయించింది. రెండోది ఎవరి పెండ్లిలనో స్టేజి మీద పదిమంది నడుమ దిగిన ఫొటోల నుంచి కత్తిరించింది. భుజం మీద ఇంకెవరిదో చెయ్యి ఇంకా కనిపిస్తనే ఉంటది. నలభై ఏండ్లు సాంచాలు నడిపిన మనిషి ఎట్ల నవ్వేటోడో ఆ రెండింట్ల ఏదీ చెప్పదు.

ఫొటోలు తీసేటోళ్లు లేక కాదు. పెండ్లికి మాట్లాడుకున్న ఫొటోగ్రాఫర్ పని పెండ్లిపిల్ల, పెండ్లిపిల్లగాడు, తలంబ్రాలు, కట్నాలు చదివించేటోళ్ల వరుస. మన మేనత్త ఎవరో, ఊరి నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన చిన్నతాత ఎవరో ఆయనకు తెల్వదు. ఆ పని ఇంటోళ్లే చెయ్యాలె. ఇంట్ల ఫోను మంచిగ వాడే ఒక పిల్లనో పిల్లగాన్నో ముందే ఒప్పించి పెట్టండి. “నువ్వు స్టేజి దిక్కు పోకు, కుర్చీల దిక్కు చూడు” అని చెప్పండి.

పెద్దోళ్లు కెమెరా కనబడంగనే బిర్రుగ కూసుంటరు. దానికి కారణం ఉంది. రీలు కెమెరాల కాలంల ఒక్క రీలుకు 36 ఫొటోలు, అంతే. ఒకటి చెడిపోతే పైసలు పోయినట్టే. అందుకే ఫొటో తీసేటాయన “కదలొద్దు, రెప్ప కొట్టొద్దు” అనేటోడు. ఆ మాట వాళ్ల ఒంట్లకు ఇంకిపోయింది. “నవ్వు తాతా” అని ఎంత అడిగినా పళ్లు కనబడుతయి గాని నవ్వు రాదు. వాళ్లు మనల్ని మరిచిపోయేదాక ఆగుడు ఒక్కటే మార్గం. పది నిమిషాలు పక్కనే కూసుండి ముచ్చట వినండి. తాంబూలం నోట్లె పడ్డాక, పాత దోస్తు ఎదురైనంక ఇక కెమెరా ఎవలికి గుర్తుండది.

సాంచాల మీద పనిచేసినోళ్లకు ఇంకో అలవాటు ఉంటది. ఆ చప్పుడుల మాట వినపడక చేతులతోని, కండ్లతోని, పెదవుల కదలికతోని చెప్పుకునుడు. నలుగురు పాత కామ్‌గార్లు ఒక్క దగ్గర చేరితే సగం కథ చేతులే చెప్తయి. అందుకే మొఖం ఒక్కటే కాకుండ చేతులు కూడ పడేటట్టు తీయండి. ముంబైల 1982 జనవరి 18న మిల్లుల సమ్మె మొదలైననాడు ఇరవై ఏండ్లు ఉన్నోళ్లు ఇప్పుడు అరవై దాటిండ్రు. మిల్లు గేటు కాడ కలిసే రోజులు పోయినయి. వర్లీ, భివండీ, సోలాపూర్ల నుంచి వచ్చి వాళ్లు కలుసుకునేది ఇప్పుడు పెండ్లిళ్లల్ల, దినాలల్లనే.

ఇక తీసే తీరు. ముందు ఫోను వెనకాల అద్దం మెత్తటి బట్టతోని తుడవండి. పసుపు, నూనె అంటిన వేళ్ల వల్లనే సగం ఫొటోలు మసకైతయి. ఫ్లాష్ బంద్ పెట్టండి. అది మొఖాన్ని తెల్లగ చప్పగ చేస్తది, పైగా అందరూ మీ దిక్కు తిరుగుతరు. నెత్తి మీద ట్యూబ్‌లైట్ ఉంటే కండ్ల కింద నీడ పడుతది. కిటికీ పక్కన, తలుపు పక్కన కూసున్నోళ్లను చూసుకోండి. మరీ దగ్గరికి పోతే ముక్కు పెద్దగ వస్తది. ఐదారడుగుల దూరం బాగుంటది. వెనకాల రంగురంగుల లైట్లుంటే మన చామనచాయ మొఖాలు నల్లబడుతయి. అప్పుడు తెర మీద మొఖం కాడ వేలు పెడితే వెలుగు సరి అయితది. ఒక్కటి తీసి ఆగకుండ పది తీసి మంచిది ఒకటి ఉంచుకోండి.

ఎదుటోళ్లకు తెల్వకుండ ఫొటో తీసుడు కొత్తది కాదు. జర్మనీ ఫొటోగ్రాఫర్ ఎరిక్ సాలమన్ 1920ల చివర్ల పెద్ద పెద్ద నాయకుల సభలల్ల ఫ్లాష్ లేకుండ అట్లనే తీసి పేరు తెచ్చుకున్నడు. ఆయనది గాజు పలకల కెమెరా!

కాని తెల్వకుండ తీసుడు వేరు, దాచుకునుడు వేరు. తీసినంక చూపించాలె. “తీసెయ్ బిడ్డా” అంటే వాళ్ల ముందే తీసెయ్యాలె. పంగతిల నోట్లె ముద్ద ఉన్నప్పుడు, కొంగు జారినప్పుడు, మందు తాగి ఉన్నప్పుడు ఫోను జేబుల ఉండాలె. అప్పగింతలప్పుడు ఏడ్చే తల్లి మొఖం మీదికి ఫోను పెట్టేటోళ్లను చూస్తే నాకు కోపమొస్తది. దూరం నుంచి, పక్కకెళ్లి ఒక్కటి తీస్తే చాలు. ఆడపిల్లల ఫొటోలు వాళ్లను అడగకుండ స్టేటస్‌ల పెట్టొద్దు.

వాట్సాప్‌ల మామూలుగ పంపితే ఫొటో చిన్నగైతది, పెద్దది చేయించేటప్పుడు చెదిరిపోతది. డాక్యుమెంట్ లెక్క పంపండి. మంచివి ఒక పది ప్రింట్ తీయించండి. వెనకాల బాల్‌పెన్ను ఒత్తి రాస్తే ముందు వైపు గీత పడుతది. మార్కర్‌తోని మెల్లగ మనిషి పేరు, వరస, ఏ మిల్లుల పనిచేసిండు, ఏ ఏడు అని రాసి, ఆరినంకనే పేర్చి పెట్టండి. ఒక కాపీ ఫొటోల ఉన్న మనిషికి ఇవ్వండి.