గంట ప్రయాణమే.. గడప నుంచి గడపకెంత?

చిత్తూరు, తిరుపతి ప్రాంతాల ముస్లిం కుటుంబాలకు హైదరాబాదుతో రాకపోకలు కొత్త కావు. చదువులకు, ఉద్యోగాలకు వెళ్లి అక్కడే స్థిరపడిన పిల్లలున్నారు. ఇచ్చిపుచ్చుకున్న సంబంధాలున్నాయి. అక్కడ అయినవారు కన్నుమూశారని కబురు రాగానే ఇక్కడి వారు అనేమాట ఒకటే: ''విమానంలో గంటలో వచ్చేస్తాం, జనాజా ఆపండి''. ఈ గంట లెక్క ఎంతవరకు నిజం?

రేణిగుంట విమానాశ్రయం నుంచి శంషాబాదుకు ఆకాశమార్గాన నేరుగా కొలిస్తే సుమారు 420 కి.మీ. రోడ్డు మీద ఇది 500 కి.మీ. దాటుతుంది. జెట్ విమానం పైకెక్కాక గంటకు 800 కి.మీ. వేగం అందుకుంటుంది. ఆ లెక్కన అరగంట పైచిలుకు చాలు. కానీ టికెట్టు మీద గంట, గంటుంబావు అని ఉంటుంది. విమానం నిలిచిన చోటు నుంచి కదిలింది మొదలు అవతల మళ్లీ ఆగేదాకా ప్రయాణ సమయమే. రన్‌వే దాకా వెళ్లడం, నెమ్మదిగా పైకెక్కడం, దిగడం అన్నీ అందులోవే. ఏటీఆర్ వంటి పంకాల విమానమైతే వేగం గంటకు 500 కి.మీ. దరిదాపుల్లోనే ఉంటుంది.

ఇక నేల మీది లెక్క చూద్దాం. చిత్తూరు నుంచి రేణిగుంటకు కారులో దాదాపు రెండు గంటలు. విమానానికి గంటన్నర, రెండు గంటల ముందుండాలి. గాలిలో గంటుంబావు. దిగి సామాను తీసుకునేసరికి అరగంట. శంషాబాదు నుంచి పాతబస్తీకి మరో గంట. అంతా కలిపితే ఆరున్నర గంటలు! తిరుపతి వారికైనా ఐదు గంటలు తప్పవు. 2023 ఏప్రిల్‌లో మొదలైన సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ రైలు సుమారు 660 కి.మీ. దూరాన్ని ఎనిమిదిన్నర గంటల్లో చేరేలా నడిచింది. అంటే మనం అనుకున్నంత తేడా లేదన్నమాట.

ఉదయం ఆరింటికి కబురందితే, వెంటనే సీటు దొరికినా చిత్తూరు వారు జుహర్ వేళకు అందడం కష్టం. ఖననం విషయంలో జాప్యం చేయవద్దన్నది దైవప్రవక్త (స) బోధన. కనుక 'గంటలో వస్తాం' అని ఆశపెట్టి అక్కడివారిని నిలబెట్టడం సబబు కాదు. విమానం ఎన్నింటికో, ఇల్లు చేరేది ఎన్నింటికో లెక్కగట్టి ఉన్నమాట చెప్పాలి. అందలేమనుకుంటే కానివ్వమనాలి. మగ్‌ఫిరత్ దుఆకు దూరం అడ్డు కాదు. తర్వాత వెళ్లి ఖబ్ర్ వద్ద దుఆ చేసుకోవచ్చు, ఇంటివారిని ఓదార్చవచ్చు.

'గంట ప్రయాణానికి ఖస్ర్ ఉంటుందా?' అన్నది మరో సందేహం. ఖస్ర్‌కు చూసేది దూరాన్నే, గడియారాన్ని కాదు. మన ప్రాంతంలో ఎక్కువమంది అనుసరించే హనఫీ ఉలమా 48 మైళ్లు, అంటే సుమారు 77 కి.మీ. హద్దుగా చెబుతారు. చిత్తూరు నుంచి తిరుపతి దాకా మాత్రమే వెళ్లేవారికి దూరం 70 కి.మీ. చిల్లరే కనుక ఖస్ర్ వర్తించదు. హైదరాబాదు సంకల్పంతో బయలుదేరినవారు మాత్రం ఊరి పొలిమేర దాటగానే ముసాఫిర్లే. జుహర్, అస్ర్, ఇషా ఫర్జ్ నమాజులు రెండేసి రకాతులు చేస్తారు. ఫజ్ర్, మగ్రిబ్‌లలో మార్పు లేదు. స్థానిక ఇమామ్ వెనుక నిలబడితే పూర్తిగా చేయాలి. పదిహేను రోజులు, అంతకు మించి ఉండే సంకల్పమున్నా అంతే. సందేహముంటే మీ మసీదు ఇమామ్ గారిని అడిగి బయలుదేరండి.

విమానం దూరాన్ని తగ్గించదు, గాలిలో గడిపే సమయాన్నే తగ్గిస్తుంది. మిగతా లెక్క మనమే వేసుకోవాలి.