గురి బ్యారెల్‌లోనే లేదు

టెక్సాస్‌లో మా చుట్టుపక్కల ఉండే తెలుగు కుర్రాళ్లు కొందరు జింకల వేట నేర్చుకున్నారు. వాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇసుక సంచి మీద ఆనించి కొడితే తూటాలు చక్కగా పడుతున్నాయి. రెండు కాళ్ల బైపాడ్ తగిలిస్తే పక్కకి పోతున్నాయి. బ్యారెల్ మార్చేయాలా?" వద్దు. ముందు స్టాక్ చూడండి.

భుజానికి ఆనేదీ, బ్యారెల్ కింద ముందుకు సాగేదీ అంతా స్టాకే. ఆ ముందు భాగాన్ని ఫోరెండ్ అంటారు. తూటా పేలినప్పుడు బ్యారెల్ కంపిస్తుంది. ఆ కంపనం ప్రతిసారీ ఒకేలా ఉండాలంటే ఫోరెండ్ బ్యారెల్‌ను తాకకూడదు. తక్కువ ధర రైఫిళ్లకు వచ్చే ప్లాస్టిక్ ఫోరెండ్ లోపల బోలుగా ఉంటుంది, సన్నటి అడ్డగోడలే దానికి ఆధారం. బైపాడ్ మీద బరువు మోపగానే వంగి బ్యారెల్‌ను తాకుతుంది. రెండింటి మధ్య డాలర్ నోటు జార్చి, బైపాడ్ మీద కాస్త ఒత్తి చూడండి. నోటు ఇరుక్కుంటే జబ్బు తెలిసినట్టే.

చెక్క స్టాకులకూ ఈ బాధ ఉండేది. వియత్నాం తేమకు అమెరికా మెరైన్ల ఎం40 రైఫిళ్ల చెక్క ఉబ్బి వంకరపోయేది. అందుకే 1970ల్లో వచ్చిన ఎం40ఏ1కు మెక్‌మిలన్ ఫైబర్‌గ్లాస్ స్టాక్ వేశారు. ఇప్పుడు అలాంటి గట్టి స్టాకుకు వందల డాలర్లు పెట్టాలి. ఉన్న ప్లాస్టిక్ ఫోరెండ్ బోలులో ఎపాక్సీ పోసి ఇంట్లోనే గట్టిపరచుకోవచ్చు, ఆ పనికి నలభై డాలర్లు చాలు.

తుపాకీ ఖాళీ చేయండి. మ్యాగజైన్, బోల్టు తీసి, ఛాంబర్‌లోకి కంటితోనూ వేలితోనూ చూడండి. స్క్రూలు విప్పి బ్యారెల్‌ను దూరంగా పెట్టండి. మన పని ప్లాస్టిక్‌తోనే.

ఈ ప్లాస్టిక్‌కు ఎపాక్సీ అంత తేలిగ్గా అంటుకోదు. అసలు కష్టమంతా ఇక్కడే, తొందరపడకండి. ఫోరెండ్ లోపలంతా 80 నంబరు ఉప్పు కాగితంతో గరుకు చేయాలి. అడ్డగోడలకు చిన్న చిన్న బెజ్జాలు వేస్తే ఎపాక్సీ వాటిలోంచి పారి, గట్టిపడ్డాక ఊడకుండా పట్టేస్తుంది. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో జిడ్డు తుడవాలి. విలువిద్యకు వాడే కార్బన్ బాణాల కాడలు రెండు కొని, పొడవుకు తగ్గట్టు కోసి, అడ్డగోడల్లో గాడి తీసి పక్కపక్కనే పడుకోబెట్టండి. కోసేటప్పుడు మాస్కు తప్పనిసరి, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. బైపాడ్ తగిలించే స్క్రూకు మైనం పూయకపోతే అది మళ్లీ ఊడిరాదు.

నిదానంగా గట్టిపడే ఎపాక్సీ తీసుకుని పలుచగా పొరలు పొరలుగా పోయండి. ఒక్కసారే మందంగా పోస్తే దాని వేడికే ప్లాస్టిక్ వంకరపోవచ్చు. బ్యారెల్ కూర్చునే గాడి దాకా నింపొద్దు, ఆ ఖాళీ కోసమేగా ఇదంతా. ఒక రోజంతా కదపకుండా ఆరనివ్వండి. కొంచెం బరువు పెరుగుతుంది. వెనక భాగం జోలికి పోనక్కర్లేదు.

ఇంత పట్టుబట్టడానికి నా కారణం జింక. దాని గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు సుమారు ఎనిమిది అంగుళాల వెడల్పు. నడిమధ్యకు గురిపెడితే అటూ ఇటూ నాలుగంగుళాలే. ఫోరెండ్ తాకి, వంద గజాల దగ్గర తూటా రెండంగుళాలు జరిగిందంటే మూడు వందల గజాలకు ఆరంగుళాలు జరుగుతుంది. తూటా పొట్టలో తగిలితే ఆ జింక గాయంతో పొదల్లోకి పారిపోయి గంటల తరబడి బాధపడుతుంది. వేటాడేవాడికి అంతకంటే సిగ్గుచేటు లేదు.

తుపాకీని తిరిగి అమర్చేటప్పుడు స్క్రూలను తయారీదారు చెప్పిన టార్క్‌కే, కొలిచే రెంచీతో బిగించండి. స్కోపు మళ్లీ సరిచేసుకోండి. తెల్లతోక జింకల జనరల్ సీజన్ ఇక్కడ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. ఆలోపు సంచి మీద కొన్ని, బైపాడ్ మీద కొన్ని కొట్టి పోల్చి చూడండి. రెండూ ఒక్కచోటే పడితేనే అడవికి బయల్దేరండి.