స్తోత్రంతో తెల్లవారే ఇల్లు

క్రైస్తవ కుటుంబాల్లో ఇద్దరు ఎదురుపడితే ముందుగా వినిపించే మాట ‘వందనాలండీ’, లేదంటే ‘ప్రైజ్ ది లార్డ్’. ఫోను ఎత్తినా అదే మాట, పెట్టేసేముందూ అదే మాట. ‘ప్రభువును స్తుతించండి’ అని దాని అర్థం. రోజూ అన్నిసార్లు అంటున్నాం కనుక స్తుతించడం మనకు బాగా తెలుసనే అనుకుంటాం. కానీ ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడి వచ్చి, సోమవారం పొద్దున్నే పాలు పొంగాయని, పనిమనిషి రాలేదని, పిల్లాడు సాక్సు పోగొట్టాడని ఇల్లంతా అదరగొడితే, ఆ స్తుతి చర్చి గుమ్మం దగ్గరే ఆగిపోయినట్లు కదా! స్తుతి ఇంటిదాకా, ముఖ్యంగా మన వంటింటిదాకా ఎలా రావాలో కాసేపు ఆలోచిద్దాం.

అడగడం వేరు, స్తుతించడం వేరు

మనలో చాలామంది ప్రార్థన సరుకుల చీటీలా ఉంటుంది. అబ్బాయికి ఉద్యోగం, అమ్మాయికి సంబంధం, ఆయనకు షుగరు తగ్గాలి, అప్పు తీరాలి. ఇవన్నీ అడగడం తప్పేమీ కాదు. అడగమని యేసుప్రభువే చెప్పారు. అయితే కొడుకు మన దగ్గరకు వచ్చినప్పుడల్లా ‘డబ్బులియ్యమ్మా’ అంటూనే వస్తే మన మనసుకు ఎలా ఉంటుంది? ఏ పనీ లేకుండా వచ్చి పక్కన కూర్చుని ‘నువ్వంటే నాకిష్టమమ్మా’ అంటే ఎలా ఉంటుంది? స్తుతి ఆ రెండో రకం మాట. చేసిన మేలుకు కృతజ్ఞత చెబుతాం, ఆ మేలు చేసిన దేవుడు ఎంత మంచివాడో తలుచుకుని స్తుతిస్తాం.

బైబిల్లోని కీర్తనల గ్రంథంలో 150 కీర్తనలున్నాయి. ఆ గ్రంథానికి హెబ్రీ భాషలో ‘తెహిల్లీం’ అని పేరు, అంటే ‘స్తుతులు’. చిట్టచివరి కీర్తన తీసి చూడండి. బూర, సితార, తంబుర, తాళాలు అన్నీ మోగుతాయి గానీ, ‘నాకిది కావాలి’ అన్న మాట ఒక్కటీ ఉండదు. 119వ కీర్తన రాసిన భక్తుడు దినానికి ఏడుసార్లు స్తుతించానని చెప్పుకున్నాడు.

లూకా సువార్త 17వ అధ్యాయంలో పదిమంది కుష్ఠురోగుల సంగతి మనకు తెలిసిందే. పదిమందీ బాగుపడ్డారు, తిరిగివచ్చి దేవుణ్ణి మహిమపరిచినవాడు ఒక్కడే. అతనూ సమరయుడు. మిగతా తొమ్మిదిమంది ఏరని ప్రభువు అడిగారు. ఆ ప్రశ్న మన ఇళ్లలోనూ వినిపిస్తే బాగుండును.

స్తుతించిన స్త్రీలు

బైబిల్లో పెద్ద పెద్ద స్తుతి పాటలు కొన్ని ఆడవాళ్ల నోట వచ్చినవే. ఎర్రసముద్రం దాటాక మిర్యాము తంబుర పట్టుకుని తోటి స్త్రీలను నడిపించింది. దెబోరా విజయగీతం పాడింది. హన్నా సంగతి చూస్తే ఇంకా ఆశ్చర్యం. పిల్లలు లేరని ఏడ్చి ఏడ్చి దేవుణ్ణి అడిగి సమూయేలును కన్నది. ఆ బిడ్డ పాలు మానగానే షిలోహులో మందిరానికి తీసుకువెళ్లి దేవునికి అప్పగించింది. ఆమె పాట ఉన్నది అక్కడే. బిడ్డను విడిచి వెళ్లవలసిన చోట ఆ తల్లి పాడింది!

మరియమ్మ కూడా బిడ్డ పుట్టాక పాడలేదు. ఎలీసబెతు ఇంట్లో, కడుపులో బిడ్డ ఉండగానే పాడింది. ఊళ్లో నలుగురూ ఏమంటారో, ప్రధానం చేసుకున్నవాడు ఏమంటాడో అన్న చిక్కులు ఉండగానే ఆమె ప్రభువును ఘనపరిచింది.

ఏడవకూడదనా?

జర్మనీలో ఐలెన్‌బర్గ్ అనే ఊళ్లో మార్టిన్ రింకార్ట్ అని ఒక పాస్టరుగారు ఉండేవారు. 1637లో ఆ ఊరికి ప్లేగు వచ్చింది. ఆ ఏడాది ఆయన వేలమందిని సమాధి చేశారు. వారిలో ఆయన భార్య కూడా ఉంది. ప్రపంచమంతటా చర్చిలలో పాడుకునే ఒక కృతజ్ఞతా కీర్తన ఆయన రాసిందే. అది ముందు ఇంట్లో భోజన సమయపు ప్రార్థనగా పుట్టిందని చెబుతారు.

ఇలాంటివి విన్నప్పుడు ఒక పొరపాటుకు తావివ్వకూడదు. స్తుతించడమంటే ఏడుపు మింగేయడం కాదు. కీర్తనల గ్రంథంలోనే ‘ఎన్నాళ్లు ప్రభువా’ అని మొరపెట్టుకునే కీర్తనలు చాలా ఉన్నాయి. లాజరు సమాధి దగ్గర యేసుప్రభువే కన్నీళ్లు విడిచారు. అందుకని బిడ్డను పోగొట్టుకున్న తల్లి దగ్గరకు వెళ్లి ‘ఏడవకమ్మా, స్తుతించు’ అనకండి. పక్కన కూర్చోండి, ఆమెతో ఏడవండి, కాస్త అన్నం వండి పెట్టండి. ఆమె పాట ఆమెకు ఎప్పుడు వస్తే అప్పుడే వస్తుంది.

ఇంకో మాట. తాగి వచ్చి కొట్టే భర్త ఉన్న చెల్లెలికి ‘ఓర్చుకుని స్తోత్రం చెప్పుకో, అదే మారుతుంది’ అని సలహా ఇవ్వడం న్యాయం కాదు. పౌలు సీలలు ఫిలిప్పీ చెరసాలలో అర్ధరాత్రి కీర్తనలు పాడిన మాట నిజం. తెల్లారాక, విచారణ లేకుండా తమను కొట్టించడం అన్యాయమని ఆ అధికారులతో పౌలు గట్టిగా చెప్పిన మాటా నిజమే. పాడిన నోరే న్యాయం అడిగింది. అలాంటి చెల్లెలు పుట్టింటివారికి, సంఘ పెద్దలకు చెప్పుకోవచ్చు, 181 నంబరుకు ఫోను చేయవచ్చు. జబ్బు చేసినప్పుడు మందు మింగడం కూడా విశ్వాసానికి అడ్డు కాదు. డాక్టరుకు చూపించుకుంటూనే దేవుణ్ణి స్తుతించవచ్చు.

వంటింట్లో ఆరాధన

‘మాకు తీరికేదండీ?’ అనేవారికి బ్రదర్ లారెన్స్ కథ చెప్పాలి. పదిహేడవ శతాబ్దంలో పారిస్‌లోని ఒక మఠంలో ఆయన వంటవాడు. అసలు వంటపని ఆయనకు ఇష్టమే లేదు. అయినా గిన్నెల చప్పుడు మధ్య కూడా మందిరంలో మోకాళ్ల మీద ఉన్నంత శాంతంగా దేవునితో ఉండడం అలవాటు చేసుకున్నారు. 1691లో చనిపోయారు. ఆయన మాటలను, ఉత్తరాలను పుస్తకంగా వేస్తే ఈనాటికీ చదువుతున్నారు.

మన తెలుగువారికి ఇంకో సదుపాయం ఉంది. 1803లో పుట్టి 1890 దాకా జీవించిన పురుషోత్తమ చౌదరిగారి వంటివారు మన రాగాల్లో, తాళాల్లో కీర్తనలు కట్టి ఇచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాటకు పైన రాగం, తాళం వేసి ఉంటాయి. అక్షరం రాని అమ్మమ్మలు కూడా విని నేర్చుకుని, నాట్లు వేస్తూ, పిండి రుబ్బుతూ పాడుకున్నారు. పుస్తకం పట్టుకునే చెయ్యి ఖాళీ లేకపోయినా నోరు ఖాళీయే కదా!

ఇంట్లో తేలిగ్గా చేసుకోదగినవి కొన్ని:

* పొద్దున లేవగానే ఫోను ముట్టుకోకముందు మూడు మేలులు తలుచుకుని స్తోత్రం చెప్పండి. నిన్నటివే మళ్లీ చెప్పకండి, కొత్తవి వెతకండి.

* బియ్యం కడిగేముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేయండి. నెలాఖరుకు చర్చికో, లేనివారికో ఇవ్వండి. మిజోరంలో క్రైస్తవ స్త్రీలు 1910లో ఇలా మొదలుపెట్టి, ఆ పిడికిళ్లతోనే పెద్ద సేవకు ఆధారమయ్యారు. మన సంఘాల్లోనూ ఈ అలవాటు ఉంది.

* అంట్లు తోముకునే సమయానికి ఒక కీర్తన పెట్టుకోండి. వారానికి ఒకటి కంఠతా వస్తుంది.

* రాత్రి కుటుంబ ప్రార్థనలో ఒక్కొక్కరూ ఆ రోజు దేవుడు చేసిన ఒక మేలు చెప్పాలి. చిన్నపిల్లలచేత కూడా చెప్పించండి. ‘ఈరోజు క్రికెట్‌లో గెలిచాను’ అన్నా సరే, నవ్వకండి.

* పాత నోటుబుక్కులో తేదీ వేసి ఆ మేలులు రాసి పెట్టండి. మనసు బాగులేని రోజున తీసి చదువుకోవచ్చు.

ఒకే నోరు

యాకోబు పత్రిక మూడవ అధ్యాయం మనల్ని గట్టిగా పట్టుకుంటుంది. దేవుణ్ణి స్తుతించే నోటితోనే దేవుని పోలికగా పుట్టిన మనుషులను శపించడం తగదంటాడు యాకోబు. స్తుతి నిజమైనదో కాదో తేలేది ఇక్కడే. ‘స్తోత్రం స్తోత్రం’ అంటున్న నోటితోనే కోడలి పుట్టింటివారిని ఎత్తిపొడిస్తే, అంట్లు తోమే అమ్మాయిని కసిరితే, ఆ స్తుతిని ఇంట్లో ఎవరు నమ్ముతారు? పిల్లలు మన పాట కన్నా మన మాట ఎక్కువగా వింటారు.

దేవుని మేలు చూడడం అలవాటైన కళ్లకు మనుషుల మంచి కూడా కనిపించాలి. కోడలు పెట్టిన పప్పు బాగుంటే బాగుందని చెప్పండి. ఎండలో కూరగాయలు మోసుకొచ్చిన భర్తకు ‘శ్రమపడ్డారు’ అనండి. అత్తగారు మనవణ్ణి ఎత్తుకుని ఆడిస్తే ‘మీరున్నారు కాబట్టి నా పని తెమిలింది అత్తయ్యా’ అనండి.

రేపు పొద్దున్న స్టవ్ వెలిగించేటప్పుడు ఒక్క నిమిషం ఆగి, ‘ప్రభువా, ఈ రోజు ఇచ్చినందుకు నీకు స్తోత్రం’ అనండి. ఆ తర్వాత ఇంట్లో లేచిన మొదటి మనిషితో మీరు అనే మొదటి మాట ఏమిటో మీరే గమనించుకోండి. అదీ తియ్యగా ఉంటే, మీ స్తుతి చర్చి గుమ్మం దాటి మీ ఇంటికి వచ్చినట్లే.