కత్తి జానెడు పైనా, బెత్తెడు పైనా?



ఈ వారం మీతో వరికోత మిషను కత్తిని గురించి మాట్లాడదామనుకుంటున్నాను. "ఇదేమిటమ్మా, ఊరగాయలూ వడియాలూ మానేసి పొలంలోకి దిగారు!" అని నవ్వకండి. పొద్దున్నే మన గుమ్మంలోకి వచ్చే పాలకూ, మన డబ్బాలోని శనగపప్పుకూ ఆ కత్తితో చుట్టరికం ఉంది. అది నేలకు ఎంత ఎత్తులో నడిచిందన్న దాన్ని బట్టే చాలా ఇళ్ళలో ఆవు ఉండడమో, సంతకు పోవడమో తేలుతుంది.

శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఒడ్డు పల్లెలో మా వదినగారుంటారు. రెండెకరాల వరి మడి, రెండు పాడి ఆవులు. వడ్లు అమ్మిన డబ్బు అప్పులకూ ఎరువులకూ సరిపోతుంది. ఇల్లు గడిచేది పాల డబ్బుతోనే. వెనక కూలీలు కొడవళ్ళతో కోసేవారు. నేలకు బెత్తెడు ఎత్తులో కోసి, ఓదెలు వేసి, నూర్చాక ఇంటి వెనక పెద్ద గడ్డివామి వేసేవారు. అదే ఏడాది పొడుగునా ఆవుల మేత. ఇప్పుడు కోతకాలంలో కూలీలు దొరకడం లేదు. మిషను వస్తుంది, గంటల్లో పని ముగించి పోతుంది. వడ్లు సంచుల్లో పడ్డాయని సంతోషించేలోగా చూస్తే కయ్యలో జానెడు, జానెడున్నర కొయ్యకాళ్ళు నిలబడి ఉన్నాయి. ఆ ఏడు వామి సగానికి సగం తగ్గింది. వేసవిలో గడ్డి కొనలేక ఒక ఆవును అమ్ముకున్నారు.

మరుసటి కోతకు వదిన గెనిమె మీద నిలబడి డ్రైవరును అడ్డుకుంది. "ఇంత పైన కోసుకోని పోతే నా ఆవుకు ఏం పెట్టేది నాయనా?" అంది. ఆ అబ్బాయి "కిందికి దించితే కత్తి మట్టి తింటాది అక్కా, విరిగితే మా ఓనరు నన్ను తింటాడు" అన్నాడు. ఇద్దరి మాటా నిజమే. అదెలాగో చెబుతాను.

ముందు లెక్క చూడండి. వరి పైరు మూడడుగులుందనుకుందాం. జానెడంటే సుమారు తొమ్మిది అంగుళాలు. అంత పైన కోస్తే పైరు ఎత్తులో నాలుగో వంతు పొలంలోనే ఉండిపోతుంది. బెత్తెడు, అంటే మూడంగుళాల పైన కోస్తే మిగిలేది పన్నెండో వంతే. మొదలు దగ్గర కాండం లావుగా ఉంటుంది కాబట్టి తూకంలో నష్టం ఇంకా ఎక్కువ. మరో సంగతి వింటే మీకు ఆశ్చర్యం కలుగుతుంది. మామూలుగా ఆకు మెత్తన, కాడ గట్టి అనుకుంటాం. వరిగడ్డిలో మాత్రం ఆకులో ఇసుక జాతి పదార్థం, సిలికా, ఎక్కువగా ఉంటుంది. కాండంలో తక్కువ. అందుకని ఆవు కడుపులో ఆకుకన్నా కాండమే బాగా అరుగుతుంది. గడ్డి పశువుకు వేసేటట్లయితే పైరును వీలైనంత నేల దగ్గరగా కోయాలని పశుపోషణ తెలిసినవారు చెప్పేది ఇందుకే. మిషను పొలంలో వదిలేసిపోతున్నది పనికిమాలిన మోడు కాదన్నమాట.

ఇక ఆ కత్తి ఎలా ఉంటుందో చూద్దాం. కొడవలితో కోసేటప్పుడు ఒక చెయ్యి పిడికెడు దుబ్బును పట్టుకుంటుంది, రెండో చెయ్యి కోస్తుంది. పట్టుకునే చెయ్యి లేకపోతే దుబ్బు వంగిపోతుందే కాని తెగదు. మిషనులోనూ ఆ రెండు చేతులూ ఉన్నాయి. ముందుభాగంలో అడ్డంగా ఒక పొడుగాటి కడ్డీ, దానిమీద వరసగా మూడు మూలల బ్లేడులు రివెట్లతో బిగించి ఉంటాయి. చాలా మిషన్లలో ఒక్కొక్కటి మూడంగుళాల వెడల్పు. కడ్డీ కుడికీ ఎడమకూ నిమిషానికి కొన్ని వందల సార్లు ఆడుతుంది. ఆ బ్లేడుల మధ్య ముందుకు పొడుచుకొచ్చిన ఇనప ముక్కలే పట్టుకునే చెయ్యి. డ్రైవర్లు వాటిని ఫింగర్లంటారు. కాండం ఫింగరుకు ఆనుకుంటుంది, బ్లేడు వచ్చి దాన్ని కత్తిరిస్తుంది. మన కత్తెర సూత్రమే. కత్తెర రెండు రేకుల మధ్య సందు వస్తే గుడ్డ తెగకుండా నలిగిపోతుంది చూడండి, ఇక్కడా అంతే.

ఈ ఏర్పాటు కొత్తదేమీ కాదు. అమెరికాలో ఓబెడ్ హస్సీ అనే ఆయన 1833లో ఇటువంటి ఫింగర్ల మధ్య ఆడే కత్తితో కోత యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. మరుసటి ఏడు 1834లో సైరస్ మెకార్మిక్ తన యంత్రానికి తీసుకున్నాడు. అప్పుడు గుర్రాలు లాగేవి, ఇప్పుడు ఇంజను లాగుతోంది. కత్తి స్వభావం మాత్రం మారలేదు.

మరి దాన్ని కిందికి దించితే పోలేదా? డ్రైవరు సీటు దగ్గర మీట ఉంటుంది, నొక్కితే ముందుభాగమంతా దిగుతుంది. కాని కత్తికి కిందుగా ఫింగర్ల మందం ఉంది, వాటి వెనక నేలమీద జారే ఇనప చెప్పులున్నాయి. ముందుగా నేలను తాకేవి అవే. మడి ఎగుడుదిగుడుగా ఉంటే ఒకవైపు ఫింగర్లు బురదలో దిగబడతాయి. రాయి తగిలితే బ్లేడు విరుగుతుంది. మట్టి లోపలికి పోతే నూర్చే డ్రమ్ము అరుగుతుంది, వడ్లలో మట్టిగడ్డలు చేరతాయి. పైగా కింద కోసేకొద్దీ డ్రమ్ములోకి ఎక్కువ గడ్డి పోతుంది. అప్పుడు మిషను నిదానంగా నడవాలి, లేకపోతే గింజ గడ్డితోపాటు బయటికి పోతుంది. బాడుగ గంట లెక్కన గనుక ఆ నిదానానికి డబ్బు కట్టేది రైతే.

కొందరు తొందరపడి వెల్డింగు షాపుకు పోయి ఫింగర్లను కిందికి వంచడమూ, చెప్పులు తీసేయడమూ చేస్తారు. ఫింగరు వరస తప్పితే కత్తెర సందు తప్పినట్టే. కాండం తెగదు, పీక్కొస్తుంది. చెప్పులు లేకపోతే కత్తికి కాపలా లేనట్టే. కత్తిని మార్చడమంటే అది కాదు. మొద్దుబారిన బ్లేడులు తీసి కొత్తవి వేయాలి. వంగిన ఫింగర్లను సరిచేసి అన్నీ ఒకే వరసలోకి తేవాలి. కత్తిని అదిమిపెట్టే పట్టీల సందు బిగించాలి. చెప్పులకు ఎత్తు మార్చుకునే బోల్టులుంటే ఒక మెట్టు సవరించాలి. ఆ మిషనుకు సరిపడే పలచటి ఫింగర్లు దొరికితే వేసుకోవాలి. ఈ మాత్రానికే కత్తి కొంత కిందికి దిగుతుంది. వేగం తగ్గిస్తే కోత కూడా సమంగా వస్తుంది, ఎందుకంటే బండి కత్తికన్నా తొందరపడితే కాండాలు ముందుకు వంగి ఎత్తుపల్లాలుగా తెగుతాయి.

ఇతర దేశాలవాళ్ళూ ఈ చిక్కును రకరకాలుగా విప్పుకున్నారు. సోయాచిక్కుడు కాయలు నేలకు దగ్గరగా కాస్తాయి కాబట్టి అమెరికాలో నేల వాలును బట్టి వంగే కత్తిని తయారుచేశారు. జపానువారు 1960ల చివరి నుంచీ వాడుతున్న ఒక రకం మిషను పైరును మొదట్లోనే కోసి, కంకులను మాత్రమే డ్రమ్ములోకి అందిస్తుంది. గడ్డి నలగకుండా బయటికి వస్తుంది.

మన రాష్ట్రంలో మాత్రం ఒక చోట చిక్కును తిరగేసి చూశారు. కత్తి దిగలేకపోతే పంటనే పైకి లేపుదామన్నారు! శనగ సంగతి చెబుతున్నాను. మనవైపు ఎక్కువగా వేసే జేజీ 11 వంటి రకాలు పొట్టిగా, గుబురుగా పెరుగుతాయి. కాయలు నేలకు దగ్గరగా ఉంటాయి. కత్తి పైన నడిస్తే కాయలు మిగిలిపోతాయి, దించితే మట్టి వస్తుంది. అందుకని నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో నిటారుగా, ఎత్తుగా పెరిగి కాయలు పైన కాసే ఎన్‌బీఈజీ 47 అనే రకాన్ని రూపొందించారు. దానికి 'ధీర' అని పేరు. 2015లో విడుదలైంది. అక్కడి శనగ పరిశోధనలో డాక్టర్ వి. జయలక్ష్మి అనే మహిళా శాస్త్రవేత్త కృషి ఉందని చెప్పడానికి నాకు గర్వంగా ఉంది. నడుం వంచి శనగ చెట్లు పీకేది ఎక్కువగా ఆడవాళ్ళేగా మరి!

వరికి మాత్రం మనం కత్తినే చూసుకోవాలి. మళ్ళీ మా వదిన దగ్గరికి వద్దాం. ఆవిడ డ్రైవరుతో తగవు పెట్టుకోవడం మాని ఓనరుతో ముందే మాట్లాడింది. కోతకు పదిరోజుల ముందే మడిలో నీళ్ళు తీసేయించి నేల గట్టిపడనిచ్చింది. రాళ్ళు ఏరించింది. పాతిన గుంజలుంటే పీకించింది. మిషను దిగకముందే బ్లేడులు, ఫింగర్లు చూపించమంది. మొదటి సాలు కోశాక ఆపించి, కొయ్యకాలు ఎంత ఉందో మూరపుల్ల పెట్టి చూసింది. "నిదానంగా పో నాయనా, అరగంట ఎక్కువైతే ఆ బాడుగ నేనిస్తా" అంది. ఈసారి కోత నాలుగైదంగుళాల దగ్గర నడిచింది. ఆ అరగంట బాడుగా, వేసవిలో కొనాల్సిన గడ్డి ఖరీదూ పక్కపక్కన పెట్టి చూస్తే లాభమే తేలింది. గడ్డి ఎండగానే కట్టలు కట్టించి తడి తగలకుండా ఎత్తున పెట్టింది. తడిసి బూజు పట్టిన గడ్డి ఆవుకు మంచిది కాదు.

ఇంకొక్క మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. కత్తిలో గడ్డి చుట్టుకున్నప్పుడు ఇంజను ఆపకుండా ఎవరూ చెయ్యి పెట్టకూడదు. కత్తి ఆగినట్టు కనిపించినా, చుట్టుకున్నది ఊడగానే ఒక్క దెబ్బలో ఆడుతుంది. ఇంజను ఆపి తాళంచెవి జేబులో వేసుకున్నాకే తాకాలి. పైకెత్తిన ముందుభాగం కిందికి ఆధారం పెట్టకుండా దూరకూడదు. పిల్లలను గెనిమె దాటనివ్వకూడదు.

కోయకుండా మిగిలిన కొయ్యకాళ్ళను తగలబెట్టకండని కూడా చెప్పండి. మిగిలిందాన్ని దున్నేస్తే నేలకు బలం.

మనలో చాలామందికి పల్లెలో పుట్టిల్లో, అత్తిల్లో ఉంటుంది. ఈ సంక్రాంతికి వెళ్ళినప్పుడు పిండివంటల మధ్య ఒక్కసారి అడగండి, "మన మడిలో కత్తి జానెడు పైన నడిచిందా, బెత్తెడు పైనా?" అని. వాకిట్లో కట్టేసిన ఆవు తరఫున అడిగేవాళ్ళు ఎవరో ఒకరు ఉండాలి కదా!