ఆపరేషన్ అయింది... బాధ పోయిందా?

"ఆపరేషన్ మంచిగనే అయింది బిడ్డా. గని బస్సెక్కాలంటేనే భయమైతాంది" అంది చిన్నమ్మ ఫోనులో. భూపాలపల్లి నుంచి మా జనగామకు రమ్మంటే ప్రతిసారీ ఏదో సాకు చెబుతోంది.

గర్భసంచి జారితే ఆర్నెల్ల కిందట ఆపరేషన్ చేయించుకుంది. కుట్లు మానాయి. "అంతా బాగుంది" అని డాక్టరు చీటీ రాశారు. కానీ దగ్గినా తుమ్మినా మూత్రం పడుతోందా అని ఎవరూ అడగలేదు. సిగ్గుతో ఆమె చెప్పలేదు. జారిన భాగాన్ని సరిచేశాక కొందరిలో ఈ ఇబ్బంది కొత్తగా బయటపడుతుంది.

మహబూబాబాద్ వైపున్న మా వదినకూ ఇదే ఆపరేషన్. ఆమె మాత్రం "బరువులు మోస్తలేను గని మిరపకాయ ఏర పోతాన, పెండ్లిళ్లకూ పోతాన" అంటుంది. ఇద్దరి చీటీల్లోనూ ఒకటే మాట. బతుకులే వేరు!

బాధకూ కొలత ఉంది

ఈ తేడా తెలుసుకోవడానికే వైద్యులు ప్రశ్నపత్రాలు తయారుచేశారు. 2005లో వెలువడిన పీఎఫ్‌డీఐ-20లో 20 ప్రశ్నలుంటాయి. కింద బరువుగా ఉందా, మూత్రం ఆగుతోందా, విరేచనం సాఫీగా అవుతోందా, అయితే అది ఎంత ఇబ్బంది పెడుతోంది అని అడుగుతాయి. దాని జోడీ పీఎఫ్‌ఐక్యూ-7 ఇంటిపని, నలుగురిలో కలవడం, మనసు దిగులు గురించి అడుగుతుంది. రెండింటిలోనూ మార్కులు 0 నుంచి 300 వరకు. మార్కులు తగ్గితే బాధ తగ్గినట్టు. ఆపరేషన్‌కు ముందోసారి, కొన్ని నెలల తర్వాత మరోసారి వేసి చూస్తేనే అసలు ఫలితం తెలుస్తుంది.

అందులో ఒక ప్రశ్న: ఇంటి నుంచి అరగంటకు మించి బస్సులోనో కారులోనో వెళ్లగలుగుతున్నారా? చదివి వినిపిస్తే చిన్నమ్మ నవ్వింది. "నన్ను చూసే రాసినట్టుందే!"

నోరు విప్పితేనే...

మర్నాడే డాక్టరమ్మకు అంతా చెప్పింది. ఆమె పరీక్ష చేసి, కటి కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్పారు. 1948లో అమెరికా వైద్యుడు కెగెల్ ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. మూడు నెలలు వదలకుండా చేసింది.

మీరూ చెకప్‌కు వెళ్లేటప్పుడు దగ్గు, ప్రయాణం, విరేచనం, దాంపత్యం... ఎక్కడ ఇబ్బంది ఉందో కాగితం మీద రాసుకెళ్లండి. "బాగున్నావా?" అంటే తలూపి వచ్చేయకండి.

మొన్న చిన్నమ్మ జనగామ వచ్చింది. దారిలో హన్మకొండ బస్టాండులో ఒక్కసారే దిగిందట!